ఏడు ముడుల మాను

కేతకికి మామగారి మీద ఉన్న ఫిర్యాదు చిన్నదే. ఆయన దేన్నీ తట్టకుండా ఉండలేరు. కొయ్యతో చేసిన వస్తువు కంటపడితే చాలు, చూపుడువేలు మడిచి, కణుపుతో మూడుసార్లు టకటకా కొట్టి, కుడిచెవి ఆనించి, తీర్పు చెప్పేస్తారు. పెళ్లినాడు సరిగ్గా ముహూర్తం వేళ మేళగాళ్లని ఆపించి, ఆమె కూర్చున్న పీటని తట్టి, "టేకన్నారు, ఇది మామిడి" అని వియ్యంకుడి పరువు పందిట్లోనే ఆరేశారు. కాపురానికి వచ్చిన మొదటిరోజు పుట్టింటివారు సారెలో పెట్టిన పప్పుగుత్తిని తట్టి, "ఇది చేసినవాడి చేతికి మళ్లీ ఉలి ఇవ్వకండి" అన్నారు. పేరంటానికి వచ్చిన ఒక ముసలమ్మ ఊతకర్రని తట్టి, "వచ్చే వానాకాలం దాటదు" అంటే, ఆవిడ అది తన గురించే అనుకుని, ఇంటికి వెళ్లగానే కొడుకుల్నీ కూతుళ్లనీ పిలిపించుకుంది. వాళ్లందరికీ నెల్లాళ్లు వండి పెట్టాల్సి వచ్చిన ఆవిడ పెద్దకోడలు ఈనాటికీ కేతకితో మాట్లాడదు.

ఆయన పేరు విరించాచారి. కింశుకనగరపు ఆస్థాన వడ్రంగి. నలభై ఏళ్లుగా కోటలోకి వెళ్లిన తలుపూ రథమూ మంచమూ ఏదీ ఆయన చెవి దాటకుండా వెళ్లలేదు. "విరించాచారి తట్టని దూలం కింద మాకు నిద్రపట్టదు" అని సాక్షాత్తూ నీలాంగద మహారాజే సభలో అన్నారు. ఆ తర్వాత మామగారికి ఇంట్లో ఇంకెవరి మాటా వినాల్సిన అవసరం మిగల్లేదు.

ఆ మధ్యాహ్నం మామా కోడళ్లిద్దరూ మెలికలవనం పొలిమేరలో నిలబడి ఉన్నారు.

కారణం వాసంతుడు. విరించాచారికి ఒక్కగానొక్క కొడుకు, కేతకికి భర్త. రాకుమారి స్వయంవరానికి నెమలికన్నుల చెక్కతో పల్లకి చేయించాలని మహారాజుకి బుద్ధి పుట్టింది. చిత్రిక పడితే పింఛంలా కళ్లు కళ్లుగా విచ్చుకునే ఆ చెక్క మామూలు మానులో దొరకదు. చెట్టుకి ఎప్పుడో గాయమై, ఆ గాయం మీద ఏళ్ల తరబడి కలప మెలికలు తిరిగి పెరిగితే వచ్చే బుడిపెల్లోనే ఉంటుంది. అలాంటి బుడిపెలు మెలికలవనంలో తప్ప ఇంకెక్కడా లేవు. వాసంతుడు బండి కట్టుకుని వెళ్లాడు. పన్నెండోనాడు ఎడ్లు మాత్రం ఇంటికి వచ్చాయి. వాటి కొమ్ములకి చుట్టుకున్న తీగముడిని నగరంలో ఒక్కరూ విప్పలేకపోయారు. కత్తితో తెంపబోతే అది బుస్సుమంది. మూణ్ణెల్లు ఎదురుచూసినా వాసంతుడు రాకపోయేసరికి మామా కోడళ్లే బయలుదేరారు.

ఆ వనం గ్రంథిల అనే మాంత్రికురాలిది. తన వనంలో తను తప్ప ఇంకో ఆడది అడుగు పెట్టకూడదని ఆమె శాసనం. అందుకని కేతకి తలపాగా చుట్టి, పంచె బిగించి, కొబ్బరిపీచుతో మీసం చేసుకుని తుమ్మజిగురుతో అంటించుకుంది.

"ఎలా ఉన్నాను మామగారూ?"

"మీసం ఎడంవైపు వాలింది. లోపల నన్ను మామగారూ అనకు, గురువుగారూ అను. నేను ఒరేయ్ కేతా అంటాను. సంచి మొయ్యి. ఉలి మాత్రం ముట్టుకోకు. ఆడవాళ్ల చెయ్యి తగిలితే ఉలి పదును పోతుంది. మా తాతల నాటి నుంచీ ఉన్న మాట."

"మీసం పెట్టుకున్నా పోతుందా?"

"ఉలికి తెలుస్తుంది" అన్నారు విరించాచారి గంభీరంగా.

అడవిలోకి నడిచారు. ఆహా, ఏం వనం అది! వెయ్యి పాములు ఒక్క ఆలింగనంలో శిలలైపోయినట్టు పెనవేసుకున్న మద్దిచెట్లు. జడలు విరబోసుకుని పూనకంలో ఆగిపోయిన శక్తుల్లా వేప మానులు. నడుం దగ్గర మూడు మెలికలు తిరిగి, ఆకాశం చూడడానికి వెళ్లి మనసు మార్చుకుని, మళ్లీ నేల చూపు చూసే చందనాలు. కొమ్మ కొమ్మకీ బుడిపె. ఒకటి గుమ్మడికాయంత, ఒకటి మూతపెట్టిన గంగాళమంత, ఇంకొకటి కళ్లు మూసుకున్న ముఖంలా. ఎండ పైనుంచి తిన్నగానే బయలుదేరేది గానీ, ఆ ఆకుల్లోంచి దిగేసరికి అదీ వంకర తిరిగి నేల మీద పడేది. మొత్తం అడవిలో మూరెడు పొడుగున తిన్నని పుల్ల లేదు. విరించాచారి ముఖం, ఉప్పు లేని పప్పు నోట్లో పెట్టుకున్నట్టు అయింది.

కొంతదూరం పోయాక లోయ అడ్డమొచ్చింది. దాని మీద పది దుంగలు పరిచిన వంతెన. కింద పొగలు కక్కుతూ నల్లని వాగు. వాగులో కొయ్య మొసళ్లు. కొయ్యవే గానీ ఆకలి మాత్రం అసలుదే.

విరించాచారి మోకాళ్ల మీద వంగి, దుంగల్ని ఒక్కొక్కటే తట్టి, కుడిచెవి ఆనించి విన్నారు.

"మూడోది పుచ్చింది. దాన్ని దాటేసి నాలుగోదాని మీద అడుగెయ్యి."

కేతకి నాలుగోదాని మీద అడుగు వేసింది. అది ఫెళ్లున విరిగింది.

రెప్పపాటులో ఆమె నడుం దాకా కిందికి జారిపోయి, మూడో దుంగని కావలించుకుని వేలాడింది. కింద నుంచి ఒక మొసలి చటుక్కున లేచి, భుజానికున్న పులిహోర మూటని ఆకుతో సహా మింగేసింది. రెండోది ఆమె కాలికి గురిపెట్టి నోరు తెరిచింది. అంతలో విరించాచారి బోర్లా పడి, ఆమె రెండు మణికట్లూ పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు ఒక్క లాగు లాగారు. అరవై ఏళ్లు దాటినా చేతులు మాత్రం రంపం లాగిన చేతులు. ఇద్దరూ మిగతా దుంగల మీదుగా పాకి అవతలి గట్టున వచ్చిపడ్డారు.

"నాలుగోది పుచ్చిందని చెప్పానా లేదా?" అన్నారు ఆయన రొప్పుతూ.

"మూడోదన్నారు."

"నాలుగోదన్నాను. నువ్వు సరిగ్గా వినలేదు."

కేతకి మీసం సర్దుకుని ఊరుకుంది. పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె నేర్చుకున్న విద్యల్లో అది మొదటిది.

"రండి రండి ఆచారిగారూ!" అని తేనె పాకంలాంటి గొంతు వినిపించింది. "కొడుకు వచ్చాడు, తండ్రి రాకుండా ఉంటాడా అని మూణ్ణెల్లుగా దారి చూస్తున్నాను."

రెండు చెట్ల మధ్య తీగల ఉయ్యాలలో ఊగుతోంది గ్రంథిల. జుట్టు చిక్కు తీసి నూరేళ్లయి ఉంటుంది. అందులో పిట్టలు రెండు కాపురం పెట్టాయి. మెడలో ముత్యాలకి బదులు చెక్కముడుల దండ. వేళ్లతో ఒక తీగని ఊరికే ముడి వేస్తూ, విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చుంది.

"నా కొడుకు ఏడీ?" అన్నారు విరించాచారి.

"ఎక్కడికి పోతాడు? అదిగో, ఆ మానులో. నా బుడిపె కోసుకుపోదామని వచ్చాడు. అంత ముచ్చటపడుతున్నాడు కదా, తనే ఒక బుడిపె అయితే పోలేదా అనుకున్నాను. తొర్రలోకి వెళ్లి పలకరించండి. వీడెవడు?"

"నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. కేతడు."

"మీసం బావుంది" అంది గ్రంథిల, ఏ అనుమానమూ లేకుండానే.

ఆ మాను పదిమంది చేతులు చాచి చుట్టినా అందనంత లావుంది. మొదట్లో మనిషి నడిచి వెళ్లేంత తొర్ర. విరించాచారి బెరడు మీద టకటకా కొట్టి, కుడిచెవి ఆనించి, "లోపల ఎండిపోయిన బోలు. భయం లేదు" అని తీర్పిచ్చి లోపలికి నడిచారు. ఆయన వెనక కేతకి. ఆమె రెండో కాలు లోపల పెట్టిందో లేదో, వెనకాల తొర్ర అంచులు రెండు పెదవుల్లా దగ్గరకి వచ్చి మూసుకున్నాయి.

లోపల చీకటి కాదు. పైన ఎక్కడో రెండు తాడిచెట్ల ఎత్తున వేలెడంత సందు. అందులోంచి పాకుడు రంగు వెలుతురు కారుతోంది. గోడంతా మెరిసే పచ్చి చెక్క. ఇద్దరూ చేతులు చాచి నిలబడడానికి చోటుంది. ఎండిపోయిన బోలు మాత్రం కాదు. చెయ్యి పెడితే జిగట.

"భయం లేదన్నారు" అంది కేతకి.

"నేను బయటి చెక్క సంగతి చెప్పాను."

ప్రతి మాంత్రికుడికీ ఒక నియమం ఉంటుంది. చెర వేసినవాళ్లకి తాళం ఎక్కడుందో చెప్పి తీరాలి. చెప్పకపోతే మంత్రం నిలవదు. గ్రంథిల ఆ నియమాన్ని ఇష్టంగా పాటించేది. తాళం ఎక్కడుందో తెలిసి కూడా మనుషులు తెరుచుకోలేకపోతుంటే ఆవిడకి కాలక్షేపం.

"ఆచారిగారూ!" గొంతు పైసందులోంచి దిగింది. "లోపలి గోడకి ఏడు ముడులున్నాయి. ఆరు మనుషులు. ఒకటి మాత్రం ఎప్పుడో చచ్చిన కొమ్మ తాలూకు ముడి. ఆ చచ్చినముడిని బయటికి తోస్తే దారి వస్తుంది, మిగతా ఆరుగురి మెలికలూ వదులవుతాయి. అలా కాక మనిషి ముడిలో నిండా ఉలి దింపారనుకోండి, వాడు పోతాడు. మీరిద్దరూ ఎనిమిదో ముడి, తొమ్మిదో ముడి. ఇంకో సంగతి. మీ అబ్బాయి మానులో కలిసి ఇవాళ్టికి తొంభై రోజులు. పొద్దు పడమటి కొండని తాకేసరికి వాడి నెత్తురు బంకైపోతుంది. ఆ తర్వాత నేను కూడా విడిపించలేను. అదీ విషయం. మీ చెవి గురించి చాలా విన్నాను. కానివ్వండి."

ఆమె మాట ముగుస్తుండగానే గోడలోంచి ముసలి తలుపు మూలిగినట్టు చప్పుడొచ్చింది. గోడ నాలుగు వేళ్ల మేర ముందుకి జరిగింది.

విరించాచారి బెదరలేదు. బెదరాల్సినంత పని ఆయనకి కనబడలేదు. పైపంచె నడుముకి బిగించి, సంచిలోంచి ఉలీ, దాన్ని కొట్టే కొయ్యసుత్తి కొడతీ తీశారు.

"ఇంతేనా! బతికున్న కొమ్మ ముడి మానులో కలిసిపోతుంది కేతా. పలక కోసినా ఊడదు. చచ్చిన కొమ్మని మాను కలుపుకోదు. దాని చుట్టూ పెరుగుతుంది అంతే. లోపల వదులుగా ఉండిపోతుంది. తడితే మోగదు, మొద్దుగా పలుకుతుంది. ఇది నాకు ఉగ్గుపాలనాటి విద్య."

గోడ చుట్టూ ఏడు ముడులు. కొన్ని తల ఎత్తున, కొన్ని రొమ్ము ఎత్తున, ఏడోది నేలకి జానెడు పైన, ఆయన పాదం పక్కనే. ఒక్కొక్కదాని చుట్టూ చెక్క ఈనెలు సుడిగుండంలో నీళ్లలా తిరిగి ఉన్నాయి. విరించాచారి మొదటిదాన్ని తట్టి, కుడిచెవి ఆనించారు. ఎడంచెవితో తీర్పు వినకూడదని వడ్రంగుల ఆచారం. ఎడంచెవి సంసారానికి, కుడిచెవి వృత్తికి.

కేతకి రెండడుగుల దూరంలో నిలబడి రెండు చెవులతోనూ వింది. ఆమెకి ఆచారం వర్తించదు కదా.

ఒకటోది, ముదురు కొబ్బరికాయలా నిండుగా మోగింది. రెండూ మూడూ నాలుగూ అంతే. ఐదోదీ అంతే, ఇంకాస్త లోతుగా. ఆరోదీ నిండుగానే. ఏడోదాన్ని ఆయన వంగలేక కొడతితో ఊరికే అలా తాకించారు. అది సంతలో పగిలిన కుండ పలికినట్టు లొటలొటమంది.

"ఐదోది" అన్నారు విరించాచారి.

కేతకి తను విన్నది తప్పేమో అనుకుంది. "ఏడోది కదూ గురువుగారూ? అది పగిలిన కుండలా పలికింది."

"నీ కుండలూ చట్లూ వంటింట్లో. ఐదోది బండలా మొద్దుగా ఉంది. ఉలుకూ పలుకూ లేదు. అదే చచ్చినముడి."

"ఐదోది నిండుగా మోగింది!"

"నలభై ఏళ్లు..." అని మొదలుపెట్టారు ఆయన. గోడ మళ్లీ మూలిగింది. ఈసారి జానెడు జరిగింది. ఇద్దరూ వీపులు గోడకి ఆనించి, ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది. రోకలి పట్టేంత చోటు కూడా మధ్యలో లేదు. లోపలి ఉక్కకి తుమ్మజిగురు కరిగి, కేతకి మీసం మెల్లగా జారి గడ్డం మీద కాసేపు ఆగి, కింద పడింది.

పైసందులో గ్రంథిల కన్ను కనబడింది. కనబడి, పెద్దదైంది.

"ఆడది! నా మానులో ఆడది!"

"మీ కోడల్ని కాదులెండి, కోపం ఎందుకు?" అంది కేతకి, ఇక గొంతు మార్చకుండా. "వాసంతుడి భార్యని. నా మొగుణ్ణి నాకిచ్చేస్తే ఇప్పుడే వెళ్లిపోతాను."

మాను మొత్తం కోపంతో ఊగిపోయింది. ఇందాక నెమ్మదిగా జరిగిన గోడ ఇప్పుడు ఆగకుండా రావడం మొదలుపెట్టింది. రొట్టెపిండి మీద చపాతీకర్ర వచ్చినట్టు, తొందర లేకుండా, వదలకుండా. విరించాచారి తల ఎడమ భుజం మీదికి ఒత్తుకుపోయి ఎడమచెవి మూసుకుపోయింది, కుడి చెంప గోడకి ఆనింది. మెడ తిప్పే వీలు లేదు. ఆయన ముక్కుకి ఎదురుగా ఐదో ముడి. చెయ్యి మాత్రం ఆడుతోంది. ఉలి మొన ముడి మీద పెట్టి, కొడతితో ఒక దెబ్బ వేశారు.

ఉలి గోరంత దిగింది. దిగినచోటి నుంచి వెచ్చగా ఏదో కారి ఆయన వేళ్ల మీద పడింది.

"బంక" అన్నారాయన.

అప్పుడే చెక్కలోంచి, చాలా దూరం నుంచి, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఒక గొంతు కేతకికి వినిపించింది. "నాన్నా..."

"మామగారూ ఆగండి! అది ఆయన! మీ అబ్బాయి పిలుస్తున్నారు!"

విరించాచారి ముడికి చెంప ఆనించి ఉన్నారు. ఆ గొంతు సరిగ్గా ఆయన కుడిచెవికి బెత్తెడు దూరంలో పలికింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. రెండో దెబ్బకి కొడతి ఎత్తారు.

కేతకికి ఒక్కసారిగా ఇంటి దగ్గరి భోజనాల వేళలు కళ్ల ముందు తిరిగాయి. రెండేళ్లుగా మామగారు వసారాలో ఎడమపక్క నుంచి పిలిస్తే లేచి వచ్చేవారు. కుడిపక్క నుంచి పిలిస్తే పలికేవారు కాదు. అలక అనుకుంది. అలకకి తగ్గట్టు రెండేళ్లలో ఎన్ని నేతిగారెలు వేసిందో.

ఆమె అతి కష్టం మీద మెడ ముందుకి చాచి, ఆయన కుడిచెవి దగ్గర మామూలు గొంతుతో అంది. "మామగారూ, మీ పిలకకి నిప్పంటుకుంది."

విరించాచారి కదల్లేదు.

"మీ పంచె కూడా జారిపోయింది."

కదల్లేదు. కొడతి మాత్రం కిందికి వచ్చింది. కేతకి అరిచేతిని ఉలి తల మీద అడ్డం పెట్టింది. కొడతి ఆమె వేళ్ల మీద పడింది. రెండు గోళ్లు నల్లబడిపోయాయి.

"పిచ్చా నీకు! చెయ్యి తియ్యి!" అని అరిచారు ఆయన.

"తియ్యను. ఇంకోటి వెయ్యండి, ఇంకో చెయ్యి ఉంది" అంది ఆమె ఎడమచెవికి వినబడేలా, బిగ్గరగా. "మీకు కుడిచెవి వినపడదు. రెండేళ్లుగా వినపడదు. పిలకకి నిప్పంటుకుందని చెప్పాను, విన్నారా?"

"నేను పనిలో ఉంటే ఎవరేమన్నా పట్టించుకోను."

"మీ కొడుకు పిలిచినా?"

ఆయన కొడతి వదల్లేదు. గోడ పక్కటెముకల దాకా వచ్చింది. ఊపిరి సగం లోపలికి వెళ్లి ఆగిపోతోంది. పైసందులోంచి దిగే వెలుతురు పాకుడు రంగు వదిలి పసుపు రంగుకి తిరుగుతోంది. పొద్దు వాలుతోంది.

కేతకి నొప్పెట్టే చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని, కొడతి జారవిడిపించి, ఆ అరిచేతిని ఐదో ముడి మీద అదిమింది.

"చెవి వద్దు. చేత్తో వినండి."

నలభై ఏళ్లు చెక్క నిమిరిన చెయ్యి అది. ఈనె ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ముడి కింద ఏదో కొట్టుకుంటోంది. ఒకటి. ఆగి, ఇంకొకటి. ఇదివరకటి కన్నా ఆలస్యంగా, ఇంకొకటి.

విరించాచారి ఉలిని ముడిలోంచి, ముల్లు తీసినంత నెమ్మదిగా, బయటికి తీశారు. ఉలిని తిప్పి, పిడి కోడలి వైపు పెట్టి అందించారు.

"నా చెయ్యి తిమ్మిరెక్కింది" అన్నారు ఎటో చూస్తూ. "నువ్వు కొట్టు."

"పదును పోతుందేమో?"

"పోతే సాన పట్టుకోవచ్చు. కొట్టవే తల్లీ!"

కేతకి గోడకి వీపు రాసుకుంటూ కిందికి జారింది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఏడో ముడి చుట్టూ నల్లగా సన్నని వలయం ఉంది. మాను కలుపుకోకుండా వదిలేసిన పాత బెరడు. ఆ వలయంలో ఉలి మొన దూర్చి, మాడిన అట్ల పెనం అంచు గీకినట్టు గీకింది. బెరడు పొడిపొడిగా రాలింది. చుట్టూ ఒక తిరుగుడు. గోడ ఆమె భుజాల మీదికి దిగింది. రెండో తిరుగుడు. పైన మామగారి ఊపిరి ఈల వేస్తోంది. కొడతి ఎత్తడానికి చోటు లేదు. ఉలి తిరగేసి, పిడిని ముడికి ఆనించి, మడమతో బలం కొద్దీ తన్నింది.

లొటక్కుమంది. కదిలింది. మళ్లీ తన్నింది. చచ్చినముడి సీసా బిరడాలా బయటికి ఎగిరిపోయింది.

ఆ కన్నంలోంచి సాయంత్రపు ఎండ ఈటెలా దూసుకొచ్చింది. గోడ ఆగిపోయింది. ఆగి, వణికి, వెనక్కి జరిగింది. లోపలి ఆరు ముడులూ ఒక్కసారిగా మెలికలు విప్పుకోవడం మొదలుపెట్టాయి. ఒకదాంట్లోంచి గడ్డం బయటికి వచ్చింది, ఒకదాంట్లోంచి కిరీటం ఉన్న తల, ఇంకొకదాంట్లోంచి దగ్గు. ఐదో ముడిలోంచి ముందు చెవి, తర్వాత మెడ, తర్వాత భుజం. ఆ భుజం మీద ఉలి మొన దిగిన చంద్రవంక గాయం. దాంట్లోంచి ఎర్రగా కారుతోంది.

"నాన్నా" అన్నాడు వాసంతుడు, కొయ్యబారిన నాలుకతో. నడుం నుంచి కిందికి అతను ఇంకా మానే. "ఏదో తగిలింది నాకు. భుజం మండుతోంది. ఏమిటది?"

బయట గ్రంథిల కేక పెట్టింది. ఆ కేకకి మాను వేళ్లతో సహా ఒకసారి లేచి కూర్చుంది. కన్నం లోంచి ముళ్లతీగలు బుసకొడుతూ లోపలికి పాకి, కేతకి చీలమండలు రెండూ చుట్టేసుకుని బయటికి లాగడం మొదలుపెట్టాయి. ఆమె ఒక చేత్తో భర్త మోచెయ్యి పట్టుకుంది, రెండో చేత్తో ఉలితో తీగల్ని కోస్తోంది. ఒకటి తెగితే రెండు వస్తున్నాయి. పైసందులో పసుపు పోయి కుంకుమ రంగు దిగుతోంది. పొద్దుకీ కొండకీ మధ్య ఇక వేలెడు దూరమైనా ఉందో లేదో.

"పట్టుకోండి మామగారూ! ఆయన నడుం పట్టి లాగండి!"

విరించాచారి రెండు చేతులూ కొడుకు నడుం చుట్టూ వేసి, కాళ్లు తన్నిపెట్టి లాగారు. కొడుకు గాయం ఆయన కళ్లకి ఎదురుగా ఉంది. ముల్లు గీరుకుందని చెప్పొచ్చు. బంక అని చెప్పొచ్చు. నోరు తెరిచి, మూసి, లాగుతూనే మళ్లీ తెరిచారు. చెవి సరిగ్గా వినపడనివాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. అడవంతా వినబడింది. తీగలు లాగుతున్న గ్రంథిలకి వినబడింది, సగం సగం బయటపడిన ఆరుగురికీ వినబడింది.

"నా ఉలి రా అది! చచ్చినముడి అని చెప్పింది నేను, దెబ్బ వేసింది నేను. కాదు కాదని నీ పెళ్లాం మొత్తుకుంది, వినలేదు. నాకు కుడిచెవి పోయి రెండేళ్లయింది. పోలేదని అన్నిటినీ తడుతూ తిరిగాను. తప్పు నాదేరా వాసంతా, నాదే తప్పు!"

ఆ మాటతో పాటే వేసిన లాగుకి, పొద్దు కొండని తాకకముందే, వాసంతుడు పాదాలతో సహా మానులోంచి ఊడి తండ్రి మీద పడ్డాడు, కేతకి కాళ్ల మీది తీగలు వదులయ్యాయి.